అరచేతుల మంట, బిళ్ళగన్నేరు పసరు, ట్రయల్ కాగితాలు: టంగుటూరు తమ్ముడికి నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న నిదానంగా చదివాను. మీది టంగుటూరు దగ్గర ఊరు, అమ్మకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు క్యాపెసిటబిన్ మాత్రలు వాడుతోంది, రెండో సైకిల్, అంటే మాత్రల రెండో విడత, సగంలోనే అరచేతులు మండిపోయి పొట్టు లేస్తోంది, గిన్నె కూడా పట్టుకోలేకపోతోంది. ఊళ్లో పెద్దాయన ఒకరు 'క్యాన్సర్ మందు బిళ్ళగన్నేరు నుంచే గదా తీసేది, మాత్రలు ఆపి ఆ పసరు తాగించు' అంటున్నారు. ఆస్పత్రిలో ఏమో చేతుల మంటకు ఒక క్రీము మీద స్టడీ జరుగుతోంది, చేరతారా అని కాగితాలు చేతికిచ్చారు, అమ్మ మీద ప్రయోగాలు చేస్తారేమోనని నీ భయం. ఇది చాలదన్నట్టు రేషన్ షాపులో అమ్మ వేలిముద్ర పడటం లేదు. ఇవన్నీ ఒకేసారి మీద పడితే ఎవరికైనా టెన్షనే.

నేను నెల్లూరు మనిషిని. క్యాన్సర్ వార్డులో నర్సుగా మొదలుపెట్టి, తర్వాత ఏళ్ల తరబడి క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే మందులను రోగుల మీద పద్ధతిగా పరీక్షించే స్టడీల్లో, కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. మన వైపు నుంచి చెన్నైకి, వేలూరుకి, తిరుపతికి, గుంటూరుకి సంచులు సర్దుకుని వెళ్లే కుటుంబాలతోనే నా పనంతా. డాక్టర్ని కాను గనుక డోసు ఎంత అన్నది మీ డాక్టరే చెప్పాలి. మిగతావి నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందు తేల్చాల్సినవి తేల్చేస్తాను. పసరు వద్దు. ఇవాళ సాయంత్రం మాత్ర వేసే ముందే ఆస్పత్రికి ఫోన్ చెయ్యి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. స్టడీ కాగితాలు చూసి భయపడాల్సిన పని లేదు, కానీ చదవకుండా సంతకం పెట్టొద్దు. వేలిముద్ర మళ్లీ వస్తుంది.

గిన్నె పట్టుకోలేకపోతోంది అని రాశావు చూడు, నీ ప్రశ్న మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది ఆ ముక్కే. ఈ మందు వల్ల చేతులకు, పాదాలకు వచ్చే ఈ బాధను హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటారు, మేము దాన్ని మూడు గ్రేడ్లుగా రాసుకుంటాం. అరచేతులు కాస్త ఎర్రబడి తిమ్మిరిగా ఉండి, నొప్పి లేకుండా పనులన్నీ చేసుకోగలుగుతుంటే మొదటి గ్రేడ్. నొప్పి మొదలై, వంటకో బట్టలు ఉతకడానికో ఇబ్బంది అవుతుంటే రెండో గ్రేడ్. బొబ్బలు, పుండ్లు, రక్తం కారే పగుళ్లు వచ్చి జాకెట్ హుక్కు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం లాంటి సొంత పనులు కూడా కాకపోతే మూడో గ్రేడ్. నువ్వు రాసిన దాన్ని బట్టి అమ్మ కనీసం రెండో గ్రేడులో ఉంది. రెండో గ్రేడ్ వచ్చిందంటే మందు కొన్నాళ్లు ఆపి, చేతులు తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టడం మామూలు పద్ధతి. మళ్లీ మళ్లీ వస్తుంటే డోసు తగ్గిస్తారు. ఇది డాక్టర్ జాలిపడి చేసే పని కాదు, ఏ గ్రేడుకు ఎప్పటిదాకా ఆపాలి, తిరిగి ఎంత డోసుతో మొదలుపెట్టాలి అన్న లెక్క ఆ మందు తోపాటు వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. మధ్యలో ఆగిపోయిన మాత్రలను తర్వాత కలిపి వేసుకోకూడదు, అవి పోయినట్టే.

మన అమ్మలు ఈ సంగతి దాచేస్తారు. డాక్టర్ గదిలోకి వెళ్లి 'ఎలా ఉందమ్మా' అంటే 'బానే ఉంది సార్' అని చేతులు కొంగు కింద పెట్టుకునేవాళ్లను నేను రోజూ చూస్తాను. చెబితే మందు ఆపేస్తారేమో, ఆపితే జబ్బు తిరగబెడుతుందేమో అని భయం. జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. మొదటి గ్రేడులో చెప్పిన మనిషికి జాగ్రత్తలు చెప్పి, ఒకటి రెండు మార్పులతో మందు కొనసాగిస్తారు, దాచిపెట్టి మూడో గ్రేడుకు వచ్చిన మనిషికి వారాల తరబడి ఆపాల్సి వస్తుంది, ఆ పుండ్లలో చీము పట్టిందంటే అది వేరే గండం. కాబట్టి అమ్మ చెప్పకపోతే నువ్వు చెప్పు. వెలుతురులో అరచేతులు రెండూ ఫొటో తీసి తేదీతో దాచు. ఇంకో మాట, పుస్తకాల్లో ఎరుపు అని రాసి ఉంటుంది గానీ మన రంగు చేతుల్లో ఎరుపు కంటే నలుపు ముందు కనపడుతుంది, అరచేతి గీతలు, వేళ్ల కణుపులు నల్లబడి చర్మం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఎర్రగా లేదు గదా అని వదిలేయొద్దు.

చేతులకే ఎందుకు అంటే, క్యాపెసిటబిన్ మాత్ర మింగగానే మందుగా పనిచేయదు, ఒంట్లో కొన్ని ఎంజైములు దాన్ని దశలవారీగా ఫ్లోరోయురాసిల్ అనే అసలు మందుగా మారుస్తాయి. ఆఖరి మెట్టు దగ్గర పనిచేసే థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము క్యాన్సర్ గడ్డలో ఎక్కువ ఉంటుంది, అందుకే ఈ మందును అలా తయారుచేశారు, కానీ అరచేతి చర్మంలో కూడా అది ఎక్కువే. దానికి తోడు అరచేతుల్లో చెమట గ్రంథులు ఎక్కువ, చర్మకణాలు వేగంగా పుడుతుంటాయి, రోజంతా రాపిడి, వేడి. అందుకే పని చేసే చేతికి ఇది ఎక్కువ బాధ. మన జిల్లాల్లో ఆడవాళ్ల చేతులు చేసే పనులు ఒకసారి తలుచుకో: మిరపకాయల తొడిమలు తీయడం, బ్యారన్ దగ్గర పొగాకు ఆకు కర్రలకు కట్టడం, కావలి వైపు రొయ్యలు వలవడం, బోరింగు కొట్టడం, తడి దుప్పట్లు పిండడం. ఈ మందు వాడినన్నాళ్లు ఇవేవీ వద్దు. ముఖ్యంగా మిరపకాయల పని, ఆ ఘాటు పగుళ్లలోకి దిగితే రాత్రంతా నిద్ర ఉండదు. పచ్చి పొగాకు తడి ఆకు నుంచి నికోటిన్ మామూలు చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది, చిట్లిన చర్మమైతే చెప్పక్కర్లేదు.

ఇంట్లో చేయాల్సినవి చిన్నవే. వేడి అన్నం చేత్తో కలపనివ్వకు, చెంచా ఇవ్వు, ఆవకాయ అసలే వద్దు కొన్నాళ్లు. గిన్నెలు తోమే పని ఇంకెవరైనా చూడండి. స్నానానికి గోరువెచ్చని నీళ్లు, తుడుచుకునేటప్పుడు రుద్దకుండా అద్దుకోవాలి. యూరియా 10 శాతం ఉన్న క్రీము రోజుకు రెండు మూడుసార్లు రాయమని చాలామంది డాక్టర్లు చెబుతారు, జర్మనీలో దాన్ని ఇంకో ఖరీదైన క్రీముతో పోల్చి చూస్తే ఈ చవక యూరియా క్రీమే మెరుగ్గా తేలింది. అయితే చర్మం చిట్లి ఉన్నచోట అది మండుతుంది, అందుకని ఏ దశలో రాయాలో అడుగు. పాదాలు కూడా చూడు, మడమల కింద మొదలవుతుంది, చెప్పులు మెత్తగా వదులుగా ఉండాలి, ఉత్త కాళ్లతో ఎండలో నడవనివ్వొద్దు.

గోరింటాకు గురించి నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు చలవ చేస్తుంది పెట్టుకో అంటారు. మార్కెట్లో దొరికే కోన్లలో కలిపే రసాయనాలకు మామూలు చేతులే బొబ్బలెక్కుతాయి. పెరట్లో ఆకు నూరి పెట్టినా, ఎర్రగా పండిన చేతిలో డాక్టరుకు గ్రేడు కనపడదు. ఈ ఆరునెలలు పక్కన పెట్టండి.

బి6 విటమిన్ మాత్రలు చేతుల మంటకు ఇప్పటికీ రాస్తుంటారు. కొరియాలో 2010లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో అది ఈ చేతుల బాధ రాకుండా ఆపలేదని తేలింది. వాడితే పెద్ద నష్టం లేదేమో గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. రక్తం పడుతుందని మెడికల్ షాపులో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం డాక్టర్ని అడగకుండా అస్సలు వేయొద్దు, ఫోలేటు క్యాపెసిటబిన్ విషప్రభావాన్ని పెంచుతుంది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ వాడుతుంటే అది కూడా ముందే చెప్పాలి.

ఇక పసరు. పెద్దాయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, ఆ నిజం చాలా గొప్పది, అందుకే దాన్ని కొట్టిపారేయకుండా చెబుతాను. మన ఇసుక నేలల్లో, సింగరాయకొండ నుంచి కొత్తపట్నం దాకా, గుళ్ల ప్రాంగణాల్లో, గోడల పక్కన నీళ్లు పోసే దిక్కులేకపోయినా పూసే ఈ మొక్క సొంతూరు మడగాస్కర్. చాలా దేశాల్లో దీని ఆకును షుగరుకు వాడేవాళ్లు, మన దగ్గర కూడా. 1952లో జమైకా నుంచి ఒకరు ఈ ఆకులను కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు పంపారు, ఆయన వాటిని పరిశోధకుడైన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చారు. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే షుగరు ఏమీ మారలేదు. రక్తంలోకి ఎక్కించి చూస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకని వెతికితే వాటి రక్తంలో రోగాలతో పోరాడే తెల్లకణాలు పడిపోయాయి, ఎముక మజ్జ దెబ్బతింది. ఆ చావుల నుంచే, తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్త క్యాన్సర్లకు ఇది పనికొస్తుందన్న ఆలోచన వచ్చింది. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1958 నాటికి ఆ ఆకు నుంచి విన్‌బ్లాస్టిన్ అనే మందును విడదీశారు. అదే సమయంలో అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా బృందం ఇదే మొక్క మీద పనిచేస్తూ విన్‌క్రిస్టిన్‌ను తీసింది, 1963లో అది అమెరికాలో వాడకానికి వచ్చింది. ఈ రోజు పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ తప్పనిసరిగా ఉంటుంది. మన ఊళ్ల నుంచి చెన్నై వెళ్లి ఆ క్యాన్సర్ బాగై తిరిగొచ్చిన పిల్లల ఒంట్లోకి ఆ మొక్క మందు ఎక్కిందనే చెప్పాలి.

కానీ ఎలుకల సంగతి మళ్లీ చదువు. ఆ పసరు ఏం చేసింది? తెల్లకణాలను పడగొట్టింది. అమ్మ వేసుకుంటున్న క్యాపెసిటబిన్ కూడా తెల్లకణాలను తగ్గించే మందే. ఆ ఆకులో ఇప్పటిదాకా గుర్తించిన ఆల్కలాయిడ్లే, అంటే మొక్కలు తయారుచేసే ఘాటైన రసాయనాలే, వందకు పైన ఉన్నాయి, వాటిలో ఏది ఎంత ఉందో ఆకును బట్టి, కాలాన్ని బట్టి మారిపోతుంది. పసరు తాగితే కడుపులో ఎంత నిలుస్తుంది, రక్తంలోకి ఎంత పోతుంది, ఎవరూ చెప్పలేరు. విన్‌బ్లాస్టిన్ అయితే మరీ తక్కువ, ఒక్క గ్రాము కావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. అంటే దొడ్లో మొక్కలు మొత్తం పీకి నూరినా చికిత్సకు సరిపడా మందు అందదు, ఒంటికి హాని చేసే మిగతావన్నీ మాత్రం అందుతాయి. ఇంకో సంగతి, విన్‌క్రిస్టిన్ నరంలోకే ఎక్కించాలి, నరం పక్కకు కారితే కండ కాలిపోతుంది, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది, అందుకే ఆస్పత్రుల్లో దాని మీద పెద్ద అక్షరాలతో హెచ్చరిక అంటించి, ఇద్దరు చూశాకే ఎక్కిస్తారు. అంత పదునైన మందు అది. అన్నిటికంటే పెద్ద మాట, అమ్మ జబ్బుకు ఆ మందు వాడరు. బిళ్ళగన్నేరు మందులు రక్త క్యాన్సర్లకు, లింఫోమాలకు (లింఫు గ్రంథుల క్యాన్సర్లకు), మరికొన్నిటికి. పెద్దపేగు క్యాన్సర్‌కు కాదు. ఆమె మాత్రలకూ ఆ మొక్కకూ సంబంధమే లేదు, క్యాపెసిటబిన్ ల్యాబులో తయారైన మందు. ఈ మాట పెద్దాయనకు మర్యాదగానే చెప్పు, ఆయన మీ అమ్మ మంచి కోరే చెప్పారు.

మొక్కల శాస్త్రం ఇక్కడితో ఆగిపోలేదు. అంత తక్కువ దొరికే మందును మొక్క ఎలా తయారుచేస్తుందో తెలుసుకోవడానికే దశాబ్దాలు పట్టింది, ముప్పైకి పైగా మెట్లున్న ఆ దారిలో చివరి ముక్కలు 2018లో దొరికాయి. 2019 నుంచి రెండేళ్లపాటు ప్రపంచంలో విన్‌బ్లాస్టిన్ కొరత వచ్చింది. 2022లో డెన్మార్క్‌లో జే కీస్లింగ్, జీ జాంగ్ బృందం ఆ మొక్క జన్యువులను ఈస్టులో పెట్టి, మందుకు కావాల్సిన రెండు ముక్కలను ఈస్టు చేతే తయారుచేయించి, వాటిని రసాయనికంగా కలిపి విన్‌బ్లాస్టిన్ తీశారు. ఆకుల కోసం వాన మీదా పంట మీదా ఆధారపడకుండా తొట్టెల్లో మందు పుట్టించే రోజు వస్తే మనలాంటి దేశాలకే ఎక్కువ మేలు.

మొక్క మందులు కూడా చేతులను వదలవు, అయితే ఆ బాధ వేరు. విన్‌క్రిస్టిన్, అలాగే పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి మొదట తీసిన పాక్లిటాక్సెల్, ఈ రెండూ కణం లోపలుండే సన్నటి గొట్టాల మీద పనిచేస్తాయి, మొదటిది అవి కట్టుకోకుండా చేస్తుంది, రెండోది విడిపోకుండా బిగిస్తుంది. ఎలా చేసినా కణం విభజన ఆగిపోతుంది, గడ్డ తగ్గుతుంది. నరాల్లో ఆ గొట్టాలే రైలు పట్టాలు, వెన్ను నుంచి వేలి కొస దాకా సరుకు వాటి మీదే పోవాలి. పట్టాలు చెడితే అన్నిటికంటే దూరపు స్టేషన్లకు ముందు సరుకు అందదు, అందుకే కాలివేళ్లు, చేతివేళ్లు ముందు తిమ్మిరెక్కుతాయి. పాక్లిటాక్సెల్ వెనక మన దేశం మనిషి కూడా ఉన్నారు, మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టిన మన్‌సుఖ్ వాణీ, మన్రో వాల్‌తో కలిసి 1971లో దాని నిర్మాణం ప్రచురించారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, వార్డులో అమ్మ పక్క మంచం ఆవిడ 'నేను ఐసు పట్టుకున్నాను, నాకు తగ్గింది' అని చెప్పొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు పాక్లిటాక్సెల్ ఎక్కించుకునే వాళ్లకు చేతులు చల్లబరిచే పద్ధతి నిజంగా పనికొస్తోంది. జపాన్‌లో 2018లో వచ్చిన స్టడీలో ఒక చేతికి ఫ్రీజర్లో పెట్టిన గ్లవ్ తొడిగి, రెండో చేయి అలాగే వదిలేశారు, అదే మనిషి, అదే మందు, ఒక చేతికి ఇంకో చేయే సాక్ష్యం. నాకు తెలిసిన ట్రయల్స్‌లో ఇంత తేటగా, పేద ఆస్పత్రి కూడా చేయగలిగేలా ఆలోచించినది అరుదు. తర్వాత 2025లో ప్రచురించిన జర్మనీ ట్రయల్‌లో చల్లబరిచిన చేతుల్లో ఇబ్బందిపెట్టే స్థాయి తిమ్మిరి 29 శాతానికి వస్తే, ఏమీ చేయని చేతుల్లో 50 శాతానికి వచ్చింది. ఒక సైజు చిన్నవైన సర్జికల్ గ్లవ్స్ రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడిగినా తగ్గింది, 38 నుంచి 24 శాతానికి. కానీ ఇది అమ్మకు వర్తించదు. పెద్దపేగు క్యాన్సర్ వాళ్లకు క్యాపెసిటబిన్ తోపాటు ఆక్సాలిప్లాటిన్ అనే సెలైన్ మందు కూడా చాలాసార్లు ఇస్తారు, ఆ మందు ఎక్కిన వాళ్లు చల్లటిది ముట్టుకుంటే వేళ్లు జివ్వున లాగేస్తాయి, చల్లనీళ్లు తాగితే గొంతు పట్టేస్తుంది. అమ్మకు ఆ సెలైన్ కూడా పెడుతున్నారో లేదో ఫైలులో చూడు, పెడుతుంటే ఐసు జోలికి, ఫ్రిజ్ జోలికి పోవద్దు.

తిమ్మిరి, మంట రెండూ కలిసి రావచ్చు గనుక ఇంట్లో ఒక పని చెయ్యి. పిన్నీసు పెట్టుకోమను, బల్ల మీద రూపాయి బిళ్ళ తీయమను, నాలుగు మల్లెపూలు మాల కట్టమను. నొప్పి వల్ల చేయలేకపోతోందా, వేళ్లకు స్పర్శ తెలియక జారిపోతోందా గమనించి అదే మాట డాక్టరుకు చెప్పు. రెండిటికీ వైద్యం వేరు. తిమ్మిరితో కూడిన నొప్పికి డులోక్సెటిన్ అనే మాత్ర పనిచేస్తుందని 2013లో ట్రయల్ ఫలితం వచ్చింది. అదే ఏడాది ఇంకో ట్రయల్‌లో నరాల బలానికని ఇచ్చే ఎసిటైల్ కార్నిటిన్ కీమో సమయంలో వాడిన వాళ్లకు తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. నరాల బలం మాత్రలు సొంతంగా కొనొద్దు అని మేము మొత్తుకునేది అందుకే.

స్టడీ కాగితాల దగ్గరికి వస్తాను. చేతుల మంట మీద జరిగిన మంచి ట్రయల్స్‌లో ఒకటి మన దేశంలోనే జరిగింది, ఢిల్లీ ఎయిమ్స్‌లో. క్యాపెసిటబిన్ మొదలుపెడుతున్న 264 మందిని తీసుకుని, సగం మందికి 1 శాతం డైక్లోఫెనాక్ జెల్, సగం మందికి మందులేని జెల్ ఇచ్చి, రోజుకు రెండుసార్లు 12 వారాలపాటు చేతులకు రాయించారు. ఎవరిది ఏ జెల్లో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. రెండో, మూడో గ్రేడ్ బాధ డైక్లోఫెనాక్ జెల్ వాళ్లలో 3.8 శాతానికి, మిగతా వాళ్లలో 15 శాతానికి వచ్చింది. చేతుల బాధ వల్ల మందు తగ్గించాల్సి వచ్చింది కూడా ఇటు 3.8 శాతం, అటు 13.5. 2024లో ప్రచురించారు, ప్రపంచమంతా చదివింది. నొప్పులకు రాసుకునే చవక జెల్ అది. ఆ 264 మందీ నీలాగే ఆ కాగితాలు పట్టుకుని ఆలోచించిన ఇళ్లవాళ్లే.

ఇది చదివి వెంటనే మెడికల్ షాపుకు పోవద్దు. ఆ ట్రయల్ చేతుల బాధ రాకముందు, మాత్రలతోపాటే మొదలుపెట్టిన వాళ్ల మీద జరిగింది, పగిలిన చేతుల మీద కాదు. మన షాపుల్లో నొప్పుల జెల్ అని ఇచ్చేవాటిలో డైక్లోఫెనాక్ తోపాటు మెంథాల్, మిథైల్ శాలిసిలేట్, కొన్నిటిలో మిరప ఘాటు కూడా ఉంటాయి. అవి అమ్మ చేతికి రాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కిడ్నీ, గుండె, కడుపులో పుండు సమస్యలుంటే డైక్లోఫెనాక్ సంగతి డాక్టరే తేల్చాలి. తర్వాతి సైకిల్‌కు ఇది పనికొస్తుందా అని మాత్రం తప్పకుండా అడుగు.

మీకిచ్చిన కాగితాల్లో నాలుగు సంగతులు వెతుకు. మొదటిది సీటీఆర్ఐ నంబరు, మన దేశంలో ట్రయల్స్ అన్నీ నమోదయ్యే రిజిస్ట్రీ అది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, నంబరు కొడితే ఎవరు చేస్తున్నారు, ఏం చేస్తున్నారు అంతా కనపడుతుంది. రెండోది, ట్రయల్‌లో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు, డాక్టరుతో సంబంధం లేకుండా నేరుగా వాళ్లను అడగొచ్చు. మూడోది, ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఖర్చు, పరిహారం ఎవరు ఇస్తారన్న పేరా, ట్రయల్స్ మీద మన దేశం తెచ్చిన 2019 నిబంధనల్లో దీని గురించి స్పష్టంగా ఉంది. నాలుగోది, ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, తప్పుకున్నా మామూలు వైద్యం ఆగదు అన్న వాక్యం. ఈ నాలుగింటిలో ఏది కనపడకపోయినా సంతకం పెట్టకముందే అడుగు. కాగితాలు తెలుగులో ఉండాలి, ఇంటికి తెచ్చుకుని చదువుకోనివ్వాలి, ఇప్పుడే ఇక్కడే పెట్టు అని తొందరపెడితే అది సరైన పద్ధతి కాదు. ఒకటి మాత్రం సూటిగా అడుగు: ఈ క్రీము స్టడీలో చేరితే అమ్మ క్యాన్సర్ మందు ఏమైనా మారుతుందా? చేతుల మీద చేసే స్టడీల్లో సాధారణంగా మారదు, అది వాళ్ల నోటి నుంచే వినాలి. మందులేని క్రీము వచ్చే అవకాశం ఉందా, ఉంటే బాధ ముదిరినప్పుడు ఏం చేస్తారు అని కూడా.

అమ్మకు చదువు రాదన్నావు. అలాంటప్పుడు ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, కాగితం మొత్తం అమ్మకు చదివి వినిపించాలి, ఆ తర్వాత అమ్మ వేలిముద్ర, సాక్షి సంతకం. నేను కన్సెంట్ (ఒప్పుకోలు) తీసుకునేటప్పుడు చదవడం అయ్యాక 'అమ్మా, నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి' అంటాను. 'నాకు క్రీము ఇస్తారు, అది మందు క్రీమో ఉత్త క్రీమో మీకూ తెలీదు, వారం వారం చేతులు చూస్తారు, ఇష్టం లేకపోతే రాను' అని ఆమె చెప్పగలిగితేనే ఇంకు పెట్టె తెరుస్తాను. మీ దగ్గర కోఆర్డినేటర్ అలా అడగకపోతే నువ్వే అమ్మను అడుగు.

ఈలోగా జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, విరేచనాలు రోజుకు మామూలు కంటే నాలుగైదుసార్లు ఎక్కువైనా, నోటిపూతతో నీళ్లు మింగలేకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా మాత్ర ఆపేసి రాత్రైనా సరే ఆస్పత్రికి తీసుకుపో. కొంతమంది ఒంట్లో ఈ మందును విరిచే ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉంటుంది, వాళ్లకు మొదటి సైకిళ్లలోనే ముదురుతుంది. అమ్మకు చేతులతోపాటు నోరు, కడుపు కూడా చెడితే ఆ ఎంజైము లోపాన్ని చూసే డీపీడీ టెస్టు గురించి అడుగు.

చివరగా వేలిముద్ర. క్యాపెసిటబిన్ వేలి గీతలను చెరిపేస్తుందని ప్రపంచమంతా తెలిసింది 2009లో, ఈ మందు వాడుతున్న సింగపూర్ ఆయన ఒకరిని అంతకుముందు డిసెంబరులో అమెరికా ఎయిర్‌పోర్టులో ముద్రలు లేవని గంటల తరబడి ఆపేసిన సంగతి బయటికి వచ్చినప్పుడు. తర్వాత నెదర్లాండ్స్‌లో ఈ మందు వాడే 66 మందిని పరీక్షిస్తే 9 మందికి ముద్రలు బాగా చెడిపోయాయి, మంట పెద్దగా లేనివాళ్లకు కూడా. మందు ఆపిన కొన్ని వారాల్లో తిరిగి వచ్చాయి. కాబట్టి ఇప్పుడు ఆధార్ కేంద్రానికి వెళ్లి చెడిపోయిన ముద్రలతో కొత్తగా అప్‌డేట్ చేయించొద్దు, వైద్యం అయిపోయి చర్మం కుదుటపడ్డాక అవసరమైతే చేయించొచ్చు. ఆధార్‌లో కనుపాప, ముఖం, ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారా కూడా గుర్తింపు ఉంది, రేషన్‌కు, పింఛనుకు వాటిలో ఏది ఒప్పుకుంటారో సచివాలయంలో అడుగు, అమ్మ ఆధార్‌కు పనిచేస్తున్న ఫోన్ నంబరు లింకై ఉందో లేదో ముందు చూసుకో. ఫలానా మందు వల్ల వేలిముద్రలు తాత్కాలికంగా పడటం లేదు అని డాక్టరుతో లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు రాయించుకో. నువ్వు ఆస్పత్రికి ఎలాగూ వెళ్తావు గదా, అదే రోజు ఆ కాగితం కూడా తీసుకుని, రెండు జిరాక్సులు తీయించి ఒకటి రేషన్ కార్డుతో, ఒకటి అమ్మ ఫైల్లో పెట్టు. డాక్టర్ ఏమన్నారో, ఆ ఆక్సాలిప్లాటిన్ సెలైన్ ఉందో లేదో ఇక్కడే రాయి, స్టడీ కాగితంలో అర్థంకాని పేరా ఏదైనా ఉంటే అమ్మ పేరు కొట్టేసి ఫొటో పెట్టు, చదివి చెబుతాను.